విశ్రాంతి గదిలో మధ్యాహ్నాలు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో నేను పనిచేసిన ఎలక్ట్రానిక్స్ కంపెనీవాళ్లు ఎనభైల మొదట్లో ఉద్యోగుల ఆరోగ్యం కోసమని రెండు గదులు తెరిచారు. ఒకదాంట్లో ఎంత తొక్కినా కదలని సైకిళ్లు. రెండోది విశ్రాంతి గది: మసక దీపం, నేల మీద పరుపులు, టేప్‌లో సముద్రపు హోరు. నేను ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో ఉండేదాన్ని. వీటివల్ల మేలేమైనా జరుగుతోందేమో కొన్నాళ్లు చూసి చెప్పమన్నాడు మా అమెరికన్ మేనేజర్.

సైకిళ్ల సంగతి తొందరగానే తేలింది. మొదటి హడావుడి తగ్గాక జనం వాటికి స్వెట్టర్లు తగిలించి పోతున్నారు.

విశ్రాంతి గదిలో మాత్రం మధ్యాహ్నాలు నేనూ కూర్చునేదాన్ని. తలుపు మూయగానే ఫోన్ల మోత ఎక్కడో నీళ్ల అడుగుకి జారిపోయేది. ఆ మసకలో మనుషులకు ముఖాలుండేవి కావు, ఊపిరి మాత్రమే ఉండేది. చూసి రావడానికి వెళ్లినదాన్ని, నిద్రో మెలకువో తెలియకుండా తేలుతూ ఉండిపోయేదాన్ని.

రోజూ వచ్చేవాళ్లలో గుంటూరు పెద్దాయన ఒకరు, మా కంపెనీలోనే ఇంజనీరు. భార్య పోయి ఏడాది కాలేదు. ఒకరోజు బయటికొస్తూ అడిగాను.

"ఇక్కడ రిలాక్స్ అవుతున్నారాండీ?"

"రిలాక్స్ ఏముందమ్మా. ఇంట్లో టీవీ ఆఫ్ చేస్తే ఇంకేమీ ఉండదు. ఇక్కడ పక్కన ఎవరో ఒకరు ఊపిరి తీస్తుంటారు. అది వింటుంటే నిద్రొస్తది."

పేరు చెప్పకుండా ఆ మాటే మేనేజర్‌కి చెప్పాను. అతను నవ్వలేదు.

"బాగానే ఉంది. కానీ పైవాళ్లు బీపీ తగ్గిందా, సెలవులు తగ్గాయా అని అడుగుతారు. ఊపిరి వింటున్నారని వాళ్లకెలా చెప్పను?"

కొద్దిరోజుల్లోనే విశ్రాంతి గదిలో పరుపులు పోయి కొత్త కంప్యూటర్లు వచ్చాయి. సైకిళ్ల గది ఉండిపోయింది. కంపెనీ చూడ్డానికి వచ్చినవాళ్లకి చూపించడానికి అది బాగుంటుంది.

మర్నాడు లంచ్ టైంలో పెద్దాయన నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"రోడ్డవతల ఆప్రికాట్ పళ్ల తోటలో పడుకోవచ్చమ్మా. తోటాయన్ని అడిగొచ్చా. వస్తావా?"

వెళ్లేసరికి గదిలో కలిసేవాళ్లు కొందరు అప్పటికే గడ్డి మీద ఉన్నారు. పూలు రాలే కాలం. తెల్లటి రేకులు చొక్కాల మీద, మూసిన కళ్ల మీద వాలుతున్నాయి. ఎవరూ దులుపుకోలేదు.

ఆ వసంతమంతా అలాగే వెళ్లాం. ఒక మధ్యాహ్నం మేనేజర్ కూడా వచ్చాడు. కాస్త దూరంగా బూట్లు విప్పి, టై వదులు చేసుకుని పడుకున్నాడు. లంచ్ టైం అయిపోయింది. అందరూ లేచారు గానీ అతను లేవలేదు. లేపనా అన్నట్టు చూశాను. పెద్దాయన వద్దన్నట్టు తల ఊపి, చప్పుడు కాకుండా నడిచారు.