ముద్ర పడని వేలు

వేలి గీతల్లో మనిషి తెలివి కనపడుతుందట! ఎవడు కనిపెట్టాడో గానీ వాడి మొహం ఒకసారి చూడాలనిపించింది లీదియాకు.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు రాయి కోసి, అంచులు నునుపు చేసిన మనిషి ఆమె. నలభై నాలుగేళ్లకే ఛాతీ నిండా రాతి దుమ్ము. ఆ పని మానకపోతే బతకవన్నాడు డాక్టరు. ఆడపిల్లల హాస్టల్లో ఆయా పని ఉందిగానీ దానికి పదో తరగతి పాసవ్వాలన్నారు. అందుకే ట్యూషన్ సెంటర్‌కు వచ్చింది.

సెంటర్ నడిపే శ్రీకాంత్ కొత్తగా ఒక మిషన్ కొన్నాడు. చేరడానికి వచ్చినవాళ్ల చేత దాని మీద వేళ్లు పెట్టించి, పుట్టుకతో వచ్చిన తెలివి ఎంతో చెప్పేస్తాడు. లీదియా పది వేళ్లూ పెట్టింది. ఒక్క గీతా పడలేదు. గీతలు ఇంకెక్కడివి, రాయి ఎప్పుడో అరగదీసింది. ఆ మాట చెప్పబోతే అతను వినిపించుకోలేదు. జేబురుమాలు తీసి, ఆమె వేళ్లు తగిలిన అద్దాన్ని రెండుసార్లు తుడిచాడు. ఛీ, అదేం తుడవడం!

"మీ నాయన చదివినాడా?" అని అడిగాడు.

తన నాయన జయపాల్ చచ్చేదాకా వేలిముద్రే వేశాడని చెప్పింది.

"అదీ సంగతి. తెలివి రక్తంలో రావాల. నలభై దాటినాక మెదడు ఇంకేం మారదు. నీకు పది రాదులే."

తన కంటే పదిహేనేళ్లు చిన్నవాడు. తన నాయన రక్తాన్ని ఎంగిలాకులా పక్కకు నెట్టిన ఆ నోరు చూస్తే రోత పుట్టింది. అంతకన్నా రోత ఇంకోటి. ఒక్క క్షణం తానూ నమ్మింది. నాయన ముక్కు వచ్చింది, పొట్టి వేళ్లు వచ్చాయి, మొద్దు బుర్ర కూడా వచ్చిందేమో అనుకుంది. అట్లా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

శ్రీకాంత్ మిషన్ పరీక్షకు వచ్చినవాళ్ల రిజిస్టర్‌లో ఏదో గీకి, ఇంకు ప్యాడ్ ఆమె వైపు తోశాడు. అంతలోనే వెనక్కి లాక్కున్నాడు.

"నీకు ముద్ర పడదు గదా. సంతకం పెట్టు."

ఏమంటున్నాడో అతనికే తెలియలేదు. మూడేళ్ల కిందట రేషన్ మిషన్ కూడా ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. సంతకం పెట్టమన్నారు. ఆ సిగ్గుతో కూతురు ప్రశాంతి పక్కన కూచుని అక్షరాలు దిద్దింది. ఒక్క 'ణ'కే మూడు వారాలు పట్టింది. తర్వాత ఒకరోజు బస్టాండులో పొదిలి, గిద్దలూరు బోర్డులు ఎవర్నీ అడక్కుండానే చదివేసింది.

లీదియా పెన్ను తీసుకుని, పేరు పూర్తిగా రాసింది. పేరు పక్కన అతను రాసిన మాట మీద వేలు పెట్టి, కూడబలుక్కోకుండా చదివింది.

"పనికిరాదు."

శ్రీకాంత్ తల ఎత్తాడు.

"వేళ్లు అరిగినాకనే సార్, నాకు చదువొచ్చింది. మా నాయన ఇచ్చిన బుర్రలోకే వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఏ బెంచీలో కూచోవాల?"