గొర్రెలాయన పంచిన మాంసం

ముదిగుబ్బ అవతల కొన్ని ఊళ్లకు నేను నర్సును. ఎందరికి జ్వరం, ఎందరికి విరేచనాలు అన్నది ఊరివారీగా వారం వారం ఫోన్లో ఎక్కించి జిల్లాకు పంపుతాను. మొన్న ఎండాకాలంలో ఒక చిన్న ఊళ్లో వాంతులు, విరేచనాలు ఒక్కసారిగా ఎక్కువయ్యాయి. వివరాలు పంపిన మరుసటి ఉదయమే జిల్లా డాక్టరు ఫోన్ చేశాడు. "అందరూ ఒకే తిండి తిని ఉంటారమ్మా. ఏం తిన్నారో కనుక్కో. నీళ్లు కూడా పట్టి పంపు."

ఇల్లిల్లూ తిరిగాను. మంచం పట్టినవాళ్లందరిదీ ఒకటే మాట. "సంగటి, ఊరుబిండి తింటిమి నర్సమ్మా. ఇంగేముంటాది మాకు?"

పెళ్లి లేదు, జాతర లేదు. బోరునీళ్లలో దోషం లేదని తేలింది. ఒక ఇంటి వెనక మాత్రం దండెం మీద ఉప్పు, పసుపు రాసిన మాంసం ఎండుతోంది. లోపల అవ్వ పక్కన మనవరాలు ఒళ్లు కాలిపోతూ పడుకుని ఉంది.

"ఈ మాంసం యాడిదవ్వా?"

అవ్వ వాకిలి వైపు చూసి గొంతు తగ్గించింది. "గొర్రెలాయన ఇచ్చినాడు. పారుడు పట్టి నీళ్లనీళ్లుగా పోతాండే గొర్రె. ఇంగ బతకదని కోసి ఇంటింటికీ పంచినాడు. దుడ్లు అడగలేదు. అట్లాటోని పేరు యట్ల చెప్పేదమ్మా?"

గొర్రెలాయన ఇల్లు ఊరి చివర. తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "మా ఇంట్లో ఎవురికీ ఏం లేదు."

లోపలి నుంచి మూలుగు వినబడింది. పక్కకు తోసుకుని వెళ్లాను. అతని భార్య నేల మీద పడి ఉంది. కళ్లు గుంటలు పడ్డాయి, నాలుక పిడచగట్టింది.

"ఎందుకు చెప్పలేదప్పా?"

"ఆసుపత్రికి పోతే అడుగుతారు గదమ్మా ఏం తింటివని. కేసు పెడతారంటాండారు." తిడదామనుకున్నాను గానీ ముందు అంబులెన్సుకు ఫోన్ చేశాను.

అంబులెన్సులో కదిరికి తీసుకుపోతుంటే ఆమె నా కొంగు పట్టుకుంది. "చెడ్డబుద్ధితో ఇయ్యలేదమ్మా. పిల్లోళ్లు కూర తింటారు గదా అని ఇచ్చినాము."

అనంతపురం ల్యాబులో రోగుల మలంలోనూ, దండెం మీది మాంసంలోనూ ఒకే బాక్టీరియా కనిపించింది. సాల్మొనెల్లా. డాక్టరు మెచ్చుకున్నాడు. మిగిలిన మాంసం పూడ్పించాను. ఎవరూ చనిపోలేదు. అవ్వ మనవరాలు కోలుకుంది, గొర్రెలాయన భార్యా ఇంటికొచ్చింది.

ఊరందరినీ కూర్చోబెట్టి, జబ్బు చేసిన జీవాన్ని తినొద్దని చెప్పాను. అతని పేరు ఎత్తలేదు. ఎత్తకపోయినా అందరికీ తెలుసు. అతన్ని దాచిన నోళ్లే "రోగం గొర్రెను మాకు పెట్టినాడు" అనడం మొదలుపెట్టాయి. కోత అయిపోయిన చేలల్లోకి కూడా అతని మందను రానివ్వడం మానేశారు.

తర్వాత టీకాలకు వెళ్లినప్పుడు గొర్రెలాయన భార్య నన్ను దారిలో ఆపింది. "మా ఆయనతో ఒగ మాట మాట్లాడి పో నర్సమ్మా. ఈ ఊర్లో ఎవురూ పలకరిచ్చేది లేదు."

వెళ్లాను. అతను దొడ్డికి కంప సరిచేస్తున్నాడు. ఎలా ఉన్నావని అడగాలనే వెళ్లాను. నోటికి వచ్చింది మాత్రం వేరే మాట.

"మందలో ఇంకేదన్నా పారుకుంటాందా అన్నా?"

"ఉంటే మాత్రం నీకు చెప్తానా?" అన్నాడు తలెత్తకుండా.

టీకాల డబ్బా ఎత్తుకుని బస్సుకు వచ్చేశాను.