ఏ దాంట్ల చంద్రకాంత్ సారు

చంద్రకాంత్ సారును ఏ ప్రశ్న అడిగినా ముందు ఆయనే ఒక ప్రశ్న వేస్తాడు. "ఏ దాంట్ల?" అంటాడు. అది తేలేదాకా బ్రహ్మదేవుడు దిగొచ్చినా జవాబు రాదు.

వికారాబాద్‌లో రైతులకు ఫోన్ మెసేజ్‌లు పంపే చిన్న ఆఫీసులో ఆయన సీనియర్. పెద్ద ఫైళ్లలోంచి ఫోన్ నంబర్లు ఏరడానికి, ఏం వెతకాలో కంప్యూటర్‌కు గుర్తులతో చెప్పే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లు రాసీ రాసీ నెత్తి నెరిసింది. అందులో ఒకే గుర్తుకు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో అర్థం. ఒక టూల్‌లో ముందు బ్యాక్‌స్లాష్ అనే వాలుగీత పెడితే, ఎన్ని అంకెలున్నా పట్టమనే ప్లస్ గుర్తుకున్న శక్తి పోతుంది, ఇంకో టూల్‌లో పెడితేనే శక్తి వస్తుంది. డాక్యుమెంటేషన్ చూద్దామా అంటే అది మూడో టూల్‌ది అయి చస్తుంది. ఇన్నేళ్లు దీనితో కాపురం చేసిన మనిషికి లోకంలో దేనిమీదా గురి కుదరదు మరి.

ఇంట్లోనూ అదే తంతు. కూరలో ఉప్పు సరిపోయిందా అని భార్య భాగమ్మ అడిగితే, అన్నంలోకా జొన్నరొట్టెలోకా అని తేల్చమంటాడట. తాండూరులో ఒక పెళ్లికి వెళ్లి, ముహూర్తం పదింటికని కార్డులో అచ్చు వేసి ఉన్నా, ఎవరి గడియారంలో అని పెళ్లికొడుకు తండ్రిని నిలదీశాడు. ఆయన వియ్యంకుణ్ణి కనుక్కుని చెప్తానన్నాడు, పాపం.

కొత్తగా చేరిన వర్షితకు మొదట్లో ఇదంతా నవ్వులాట. సారు లేనప్పుడు ఆయన గొంతుతో "ఏ దాంట్ల?" అని అందరినీ నవ్వించేది కూడా.

తాండూరు మార్కెట్‌లో కందులు కొంటున్న రోజులవి. మర్నాడు అమ్మే వంతు ఎవరిదో పెద్దేముల్ రైతులకు ముందురోజు పొద్దున్నే మెసేజ్‌లు వెళ్లాలి. వర్షిత డాక్యుమెంటేషన్ చదివి ప్యాటర్న్ రాసింది, తన కంప్యూటర్‌లోని ఎడిటర్‌లో చూసుకుంది. నంబర్లన్నీ చక్కగా వచ్చాయి. దాన్నే మెసేజ్‌లు పంపే ఆఫీసు సర్వర్‌లో ఉన్న పాత టూల్‌కు ఇచ్చింది. అది ప్లస్‌ను ఉత్త ప్లస్ గుర్తే అనుకుని ఒక్క నంబరూ పట్టలేదు. మధ్యాహ్నానికల్లా మెసేజ్ రాలేదని రైతుల ఫోన్లు మొదలయ్యాయి.

మేనేజర్ విజయ్‌కుమార్ నిప్పులు కక్కుతూ వచ్చాడు. "ఎవరు చేసిండ్రు గిది? ఇయ్యాలనే ఇంటికి పంపిస్త."

వర్షిత లేచి నిలబడింది. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. నేనే అనడానికి నోరు తెరిచింది.

"ఏ దాంట్ల?" అన్నాడు చంద్రకాంత్.

ఆఫీసంతా తలలు పట్టుకుంది. ఆయన తాపీగా కుర్చీ లాక్కుని, ఎడిటర్‌కూ సర్వర్‌కూ ఉన్న తేడా మొదలుపెట్టాడు. ఎవరని మేనేజర్ మళ్లీ అడిగితే, సర్వర్‌లో ఉన్న వెర్షన్ ఏమిటని ఎదురు అడిగాడు. ఇంకోసారి అడిగితే డాక్యుమెంటేషన్ తెరిచి చదవబోయాడు. మేనేజర్ దణ్ణం పెట్టాడు.

"ఎవరైతే ఏంది గని, ముందుగాల మెసేజ్‌లు పోనియ్యి సామీ."

ప్లస్ ముందు బ్యాక్‌స్లాష్ పడింది. చీకటి పడకముందే పెద్దేముల్ రైతులందరికీ కబురు అందింది.

అప్పుడు వెలిగింది వర్షితకు. తప్పు జరిగితే అందరూ ఎవరని అడుగుతారు. ఏ దాంట్ల అని అడిగేది ఈయన ఒక్కడే. ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది.

"గది నేనే చేసిన అని మీకు ఎర్కేనా సార్?"

"ఎర్కనే బిడ్డా. నువ్వు కూసో, గా ప్లస్ సంగతి జర చెప్త."

కూర్చుంది. ఆయన ప్లస్ ముగించి చుక్క గుర్తు దగ్గరికి వచ్చేసరికి ఆమె ఊరు నవాబుపేటకు పోయే ఆటోలు వెళ్లిపోయాయి. వర్షిత ఇంటికి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పి, స్టార్ గుర్తు సంగతేమిటని తనే అడిగింది.