ఆ పెట్టెకు నేను పెట్టిన వంకలు

ప్రభువును ప్రేమించే సహోదరులారా, సహోదరీలారా, బెల్లంపల్లి సంఘంలో వెనక వరుస చాప మీద గోడకానుకొని కూర్చునే నాకు ఈ పత్రికలో నాలుగు మాటలు చెప్పుకునే భాగ్యం ఇచ్చిన దేవునికి ముందుగా స్తోత్రం. ఈ మాటలు నేను కలంతో రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పడమే నా సాక్ష్యం.

మా బాపుది బజారులో బట్టల దుకాణం. మా ఇంట్లో పిల్లలకు ఓనమాలకన్నా ముందు బేరం వచ్చేది. దానికి ఒక పద్ధతి ఉంది. మనకు కావలసిన తానును ఎన్నడూ మెచ్చుకోకూడదు, దాని రంగు నిలవదనాలి, నేత పలచగా ఉందనాలి, పక్కనున్న పనికిరాని తానును చేతుల్లోకి తీసుకొని మురిసిపోవాలి, అప్పటికీ ధర దిగకపోతే లేచి మెట్లు దిగాలి, వెనక నుంచి పిలుపు వచ్చేదాకా తల తిప్పకూడదు. ఈ విద్యలో నేను మా అన్నను మించినవాణ్ణి, అయినా దుకాణం అన్న చూసుకున్నాడు, నాకు రంగు డబ్బాల మీద మనసు పోయి బోర్డులు రాసేవాణ్ణయ్యాను. బెల్లంపల్లి నుంచి శ్రీరాంపూర్ దాకా హోటళ్లకూ మంగలి షాపులకూ నా చేతి అక్షరాలే ఉండేవి.

అట్లాంటిది, ఒకనాడు మిఠాయి దుకాణం ముందర నిచ్చెన మీద నిలబడి 'స్వీట్ హౌస్' అని రాస్తుండగా 'హౌ' దగ్గర కుంచె జారిపోయింది. వంగి అందుకుందామంటే చెయ్యి కదలలేదు. పక్షవాతమన్నారు. కాలు కొన్ని నెలలకు దారికొచ్చింది, మాట వచ్చింది, కుడి చెయ్యి మాత్రం ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడింది.

ఆ దినాలు ఎట్లా గడిచాయో నాకూ దేవునికీ తెలుసు. నా భార్య సుగుణ కుట్టు మిషను మీద ఇల్లు నడిపింది. నేను పొద్దంతా బజారులో తిరుగుతూ, నేను రాసిన బోర్డుల కింద నిలబడి, వెలిసిపోతున్న నా అక్షరాలను చూసుకునేవాణ్ణి. ఎడమ చేతితో రాస్తే అవి తాగినవాళ్లలా ఒకదాని మీద ఒకటి పడేవి. మంచంలో పడుకొని ఎడమ వేలితో నా కుడి అరచేతిలోనే 'అ' రాసేవాణ్ణి, 'క్ష' రాసేవాణ్ణి, ఆ అరచేతికి ఏమీ తెలిసేది కాదు.

ప్రార్థన చేయలేదా అంటారేమో, చేశాను, రోజూ చేశాను. నా ప్రార్థన ఇట్లా ఉండేది: "ప్రభువా, ఈ చెయ్యి మీద నాకంత ఆశ లేదు. నీ చిత్తమైతే ఇయ్యి, లేకుంటే పోనీ. ఎట్లాగూ పాతబడ్డ చెయ్యి. ఎడమది బాగానే ఉంది, అదే చాలు." మా పాస్టరయ్య ఇది విని, లోబడటమంటే ఇట్లా ఉండాలని సంఘంలో నన్ను చూపించి చెప్పాడు. నేనూ తల వంచుకొని కూర్చున్నాను.

తొంభైల నడుమ ఒక పెండ్లికి కరీంనగర్ పోయినప్పుడు, పెండ్లి పత్రికలు అచ్చువేసే చోట మొదటిసారి కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు చూశాను. అక్కడ కూర్చున్న మనిషి చిన్న మౌసును ఇట్లా జరిపితే అక్షరం సాగింది, అట్లా జరిపితే నీడ పడింది, ఒంపు తిరిగింది, బంగారు రంగు ఎక్కింది. కుంచె లేదు, నిచ్చెన లేదు. మౌసు పట్టుకున్నది ఒక్క చెయ్యి! ఇంటికి వచ్చాక నాకు అన్నం రుచించలేదు.

మా అన్న దుకాణంలో నా వాటా కింద రావలసింది ఇచ్చాడు. నేనూ సుగుణా బస్సెక్కి గోదావరి దాటి కరీంనగర్ చేరాము. కంప్యూటర్లు అమ్మే ఆయన అంతకుముందు బడిలో లెక్కలు చెప్పిన పంతులట, కొత్తగా దుకాణం తెరిచాడు. రెండు కంప్యూటర్లు చూపించాడు. ఒకే చిలుక బొమ్మను రెండింటి మీదా తెరిపించాడు. చిన్నదాంట్లో చిలుక పైనుంచి కిందికి గీత గీతగా దిగింది, తోక వచ్చేసరికి మనం టీ తాగి రావచ్చు. పెద్దదాంట్లో ఒక్కసారే రెక్కలతో సహా వచ్చి వాలింది. ఒక అక్షరాన్ని పెద్దది చేయించి చూశాను. చిన్నదాంట్లో అంచులు రంపం పళ్లలా ఉన్నాయి, పెద్దదాంట్లో నా పాత కుంచె గీసినట్టు నున్నగా ఉన్నాయి. నాకు ఆ పెద్దదే కావాలి.

"గిది లెక్కలకు, ఉత్తరాలకు సరిపోతది సార్. బొమ్మల పనంటే గా పెద్దదే తీస్కోవాలె, దాంట్ల మెమొరీ ఎక్కువుంటది" అన్నాడు పంతులు.

నా నోరు తన పాత అలవాటు ప్రకారం లేచింది. "గంత పెద్ద డబ్బా ఇంట్ల ఏడ పెట్టాలె సార్? రంగులు సుత జర వెలిసినట్టే ఉన్నయి. గీ చిన్నది చూడుండ్రి, ఎంత ముద్దుగున్నదో" అన్నాను.

ఆయన నా ముఖం చూసి, "సరే సార్, మీకు నచ్చిందే కట్టిస్త" అని చిన్నదాన్ని అట్టపెట్టెలో పెట్టడం మొదలుపెట్టాడు.

సహోదరులారా, బజారులో పుట్టినవాడెవడూ ఈ మాట అనడు. ఇక మిగిలిన అస్త్రం తీశాను. "మల్ల వస్తం తియ్" అని లేచి మెట్లు దిగాను. ఆయన వెనక నుంచి నిజంగానే మర్యాదగా, "మంచిది సార్, పోయి రాండ్రి" అన్నాడు.

మెట్ల మీద కూర్చున్నాను. సుగుణ పక్కన కూర్చుంది.

"ఎందుకు కూసున్నవయ్యా?"

"పిలుస్తడు, జర ఆగు."

"ఏం పిలుస్తడు, ఆయన టిఫిను గిన్నె ఇప్పి అన్నం తింటుండు."

మళ్లీ ఆమే అంది, "నువ్వు దాన్ని తిట్టినప్పుడే నాకు ఎరుకైంది, నీ పాణం దాని మీదున్నదని. ఆయనకెట్ల ఎరుకైతది? నీ ప్రార్థన సుత గిట్లనే ఉంటది. చెయ్యి మీద ఆశ లేదంటవు, ఎడమదే చాలంటవు. గా దేవుడు సుత నువ్వన్నదే నమ్ముకొని ఊకున్నడేమో."

నాకు నవ్వు రావాలి, ఏడుపు వచ్చింది. దేవునికి మన హృదయం తెలుసు, ఆ సంగతి నేనూ ఎరుగుదును. కానీ అన్నీ తెలిసిన ఆయన ముందర కూడా నా కోరికను వెనక దాచుకొని, ఆయనే పిలవాలని ఇన్నాళ్లూ మెట్ల మీద కూర్చున్నది నేనే గదా! నడిబజారులో, రిక్షాల మధ్య, మోకాళ్లూనకుండా, పాస్టరయ్య నేర్పిన మాటల్లో కాకుండా మా అవ్వతో మాట్లాడినట్టు మాట్లాడాను: "దేవా, ఆశ లేదని అబద్ధమాడిన. నాకు నా చెయ్యి కావాలె. అక్షరాలు కావాలె. అవి లేకుంట నాకు బతకబుద్ధి అయితలేదు."

అంతే నా ప్రార్థన. ఆకాశం తెరుచుకోలేదు. చెయ్యి లేవలేదు. కానీ పక్షవాతం వచ్చిననాటి నుంచి ఛాతీ మీద ఉన్న బరువేదో దిగిపోయింది, లేచి మెట్లెక్కి లోపలికి పోయాను.

పంతులు చెయ్యి కడుక్కుంటున్నాడు. "సార్, నాకు గా పెద్దదే కావాలె. మస్తుగున్నది. నేను ఊకెనే వంకలు పెట్టిన" అన్నాను.

"ఎందుకు పెట్టిన్రు సార్?" అని అడిగాడాయన, నిజంగా తెలుసుకోవాలని.

"మా ఆయన నచ్చినదాన్ని గట్లనే తిడతడు సార్. పెండ్లిచూపుల్ల నన్ను సుత నల్లగున్నదన్నడు" అంది సుగుణ.

నోరు తెరుచుకున్నాక ఇక ఆగలేదు. నిచ్చెన, కుంచె, చచ్చిపోయిన చెయ్యి, అన్నీ చెప్పాను. ఆయన విని, "గీ ముచ్చట ముందుగాల చెప్పొద్దా సార్?" అని, మౌసును తీసి ఎడమ పక్కకు పెట్టి, తెర మీద ఏదో తెరిచి ఒకటి నొక్కాడు. "ఎడమ చేతోళ్లకు గీ బటన్లు ఇటుది అటు మార్చొచ్చు. ఇగ పట్టుండ్రి."

ఎవరో, ఎక్కడో, ఈ యంత్రాన్ని చేసినప్పుడే ఎడమ చెయ్యివాళ్లు కూడా వస్తారని తలచి దారి ఉంచారు. వాళ్లకు ఆ తలంపు పుట్టించింది నా దేవుడు కాక మరెవరు? అడగకముందే సిద్ధం చేశాడు, అడిగేదాకా నాకు కనబడలేదు. మౌసు ఎడమ చేత పట్టుకొని 'అ' గీశాను. వంకరగా వచ్చింది. రెండోది కొంచెం నిలబడింది. దాన్ని సాగదీశాను, మందం చేశాను, ఎర్ర రంగు వేసి నీడ పెట్టాను. అది నా అక్షరమే, సహోదరులారా, ఆ ఒంపు నాదే. ఆయన చెప్పిన ధరే ఇచ్చి ఆ కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చాము. బాపు బతికి ఉంటే నాతో మాట్లాడేవాడు కాదు.

ఇప్పుడు పెండ్లి పత్రికలు, మన సంఘం పాటల క్యాసెట్లకు అట్టలు, అన్నీ ఈ ఎడమ చేతితోనే చేస్తున్నాను. ఈ సాక్ష్యం కూడా దానితోనే ఒక్కొక్క అక్షరం ఏరుకొని కొట్టాను. అయినా ఎక్కడన్నా కొత్త రంగు వాసన వస్తే కాళ్లు ఆగిపోతాయి, ఎవడో నిచ్చెన మీద నిలబడి గోడకు రాస్తుంటే వాడు దిగిపోయేదాకా కింద నిలబడి చూస్తాను. ఆ ఆశ పోలేదు. పోయిందని ఇక చెప్పను.

మీలో ఎవరన్నా మనసులో ఒకటి పెట్టుకొని ఆయన దగ్గర ఇంకొకటి మెచ్చుకుంటూ కూర్చున్నారా? లేచి రండి. మీకు కావలసినదాన్ని పేరు పెట్టి అడగండి. ఇచ్చినా, ఆలస్యం చేసినా, ఆయన మన మాట నమ్మదగిన మాటగా వింటాడు. నేను ప్రతి ఉదయం అడుగుతున్నాను, వేళ్లతో సహా, మణికట్టుతో సహా, కుడి చెయ్యి మొత్తం. తగ్గించడం లేదు. అడగడానికి నోరిచ్చిన దేవునికే మహిమ.