'అ' పక్కన బొమ్మ

దర్శి దగ్గర మా పల్లెలో నేను మిరపకోతలకు వెళ్తే, మూడేళ్ల మా పాపను మా తోడికోడలే చూసుకునేది. ఆమెకు పిల్లలు లేరు. బొమ్మల అక్షరాల పుస్తకం కొని, పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని చదివించేది.

ఒక సాయంత్రం నేను పొలం నుంచి రాగానే పాప పుస్తకం తెచ్చి, 'అ' పక్కనున్న అమ్మ బొమ్మ మీద వేలు పెట్టి, "అ, పెద్దమ్మ" అంది.

తోడికోడలు నవ్వి, "అమ్మ అనాలే" అని దిద్దింది. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

మర్నాడు ఆ పుస్తకాన్ని బియ్యం డ్రమ్ము వెనక దాచేశాను. కొత్తది కొనుక్కొచ్చి నేనే చెప్పబోతే పాప మూతి తిప్పుకుంది.

"పెద్దమ్మయితే ఏనుగు బొమ్మ రాగానే ఏనుగులాగా నడిచిద్ది. నీకు రాదు."

తోడికోడలు రెండు రోజులు ఇల్లంతా వెతికింది. నన్ను మాత్రం అడగలేదు. మూడో రోజు ఉండబట్టలేక నేనే తీసిచ్చాను.

"ఇదుగో అక్కా, డ్రమ్ము వెనక పడింది."

"పడిందిలే," అంది, నా ముఖం చూడకుండా.

ఆ రోజు నుంచి పాఠం చెప్పేముందు నన్నూ పిలిచేది. పనుందని తప్పించుకునేదాన్ని.

ఇప్పుడు పాప ఒకటో తరగతి. బడి నుంచి రాగానే సంచీ దించేది వాళ్ల పెద్దమ్మ గదిలోనే. నాకింకా కుళ్లుగానే ఉంటుంది.