మైకులో పడ్డ గుసగుసలు

నాలుగేళ్ల కిందట జమ్మలమడుగులో మా చర్చి మహిళల సమావేశంలో సరదాగా క్విజ్ పెట్టారు. ప్రొద్దుటూరు తరఫున నేనూ, మా మేరీ వదినా కూర్చున్నాం. మాకు పోటీ పులివెందుల జట్టు.

"ఇరవై ఎనిమిది రోజులుండే నెలలెన్ని?" అని అడిగారు.

"ఫిబ్రవరి ఒకటే కదా" అన్నాను మెల్లగా.

"కాదు పాపా, అన్ని నెలల్లోనూ ఉంటాయి గదా!" అని వదిన నా చెవిలో చెప్పింది. నేను గంట కొట్టేలోపే పులివెందుల జట్టులో పచ్చచీర కట్టుకున్నామె కొట్టి "పన్నెండు" అనేసింది.

వదినకు ఒళ్లు మండింది. "ఆ పచ్చచీరామెకు ఇంత తెలివి యాడిదబ్బా? మొగం చూస్తే అట్ల లేదే!" అని గొణిగింది. హాలంతా గొల్లుమంది. చూస్తే మా ముందున్న మైకుకు లైటు వెలుగుతోంది. మా గుసగుసలన్నీ అందరికీ వినిపిస్తున్నాయి! సిగ్గుతో బల్ల కింద దూరాలనిపించింది. మైకు ఆపబోతే వదిన నా చెయ్యి పట్టుకుని కన్ను గీటింది.

ఆఖరి ప్రశ్నకు రెట్టింపు మార్కులన్నారు. "ఎవరెస్టును కనుక్కోకముందు ప్రపంచంలో ఎత్తయిన శిఖరమేది?"

వదిన మైకు వైపు వంగి, "కాంచనగంగ! నాకు శానా బాగా తెలుసు" అని గుసగుసలాడింది. మరుక్షణం పచ్చచీరామె గంట కొట్టి "కాంచనగంగ!" అని అరిచింది. తప్పు కావడంతో ప్రశ్న మాకొచ్చింది.

"ఎవరెస్టే. కనుక్కోకపోయినా అది ఆడనే ఉన్నింది గదమ్మా" అంది వదిన. గెలిచాం.

బహుమతితో దిగుతుంటే పచ్చచీరామె ఎదురొచ్చింది. తిడుతుందని భయపడ్డాను. ఆమె వదిన భుజం మీద చెయ్యేసి, "ఏం మోసమక్కా నీది! వచ్చేసారి మా పక్కన కూచో" అంది.

ఇప్పటికీ మైకు కనిపిస్తే నేను నోరు మూసుకుంటాను. వదిన మాత్రం దగ్గరికి జరుగుతుంది.