ఆఖరి అధ్యాయానికి ఓ తల కావాలి

వీధిలో అందరూ ఆయన్ని నవలాయన అంటారు. నవల ఇంకా పూర్తికాలేదు గానీ పేరు మాత్రం ఎప్పుడో వచ్చేసింది. బతుకుతెరువు జుట్టు కత్తిరించడం. రెండు కుర్చీలు, ఎదుటి గోడ నిండా అద్దం, పైన మూలుగుతూ తిరిగే ఫ్యాను, ఇదీ ఆయన సెలూన్.

ఆయనతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. చేతిలో కత్తెర ఆడితే తప్ప కథ కదలదు. కలం పట్టుకుని బల్ల ముందు కూర్చుంటే ఆవలింతలు తప్ప ఏమీ రావు. అదే ఓ తల దొరికి కత్తెర కిచకిచమందా, వాక్యాలు వాటంతటవే వచ్చిపడతాయి. ఆయన చెబుతుంటే భార్య రెండో కుర్చీలో కూర్చుని పెన్సిల్‌తో రాసేది. కస్టమర్లు ఎంతమంది నిలబడి ఉన్నా ఆ కుర్చీలోంచి లేచేది కాదు. సాహిత్యానికి ఆమాత్రం గౌరవం ఉండాలి మరి.

కథ పెద్ద విశేషమేం కాదు. ఓ లారీ డ్రైవరూ ఓ టీచరమ్మా ప్రేమించుకుంటారు, టీచరమ్మ తండ్రి ససేమిరా అంటాడు. ఆ తండ్రికి బట్టతల, గుబురు మీసం, మనుషులతో కాకుండా గోడలతో మాట్లాడే అలవాటు. ఇదంతా ఊహాశక్తి అనుకునేరు. అచ్చంగా నవలాయన మామగారే. కూతురు తనకి నచ్చనివాణ్ణి చేసుకుందని పెళ్ళయిన నాటి నుంచీ ఆ పెద్దాయన అల్లుడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చినప్పుడల్లా ఈ ఇంట్లో మంచినీళ్ళు దొరుకుతాయా అని గోడని అడిగేవాడు. గోడ తెచ్చివ్వదు కాబట్టి అల్లుడే తెచ్చిచ్చేవాడు. పలకరింపు లేకపోయినా గ్లాసు మాత్రం ఖాళీ అయ్యేది.

మొదట్లో కస్టమర్లకి కథ భలే నచ్చింది. కానీ కథలో ఉన్నదంతా ఆయన చేతుల్లోకి దిగిపోయేది. ప్రేమ ఘట్టం నాడు కూర్చున్నవాడు పెళ్ళికొడుకులా బయటికొచ్చేవాడు. వాన ఘట్టం నాడు స్ప్రే సీసా ఆగలేదు. పాపం, హెడ్మాస్టారు తడిసి ముద్దయి తుమ్ముకుంటూ ఇంటికెళ్ళారు. ఇక విరహం వచ్చి బ్యాంకు గుమస్తా నెత్తిన పడింది. ప్రమోషన్ ఇంటర్వ్యూకి ముస్తాబవుదామని కూర్చున్న మనిషి ఒక పక్క గుండుతో లేచాడు. అప్పట్నుంచి ఎవరొచ్చినా గుమ్మంలోనే ఆగి, ఇవాళ కథలో ఏం జరుగుతోందో కనుక్కుని, అంతా క్షేమమంటేనే లోపలికి అడుగుపెట్టేవారు.

మిగిలింది ఆఖరి అధ్యాయం. అందులో ఆ బట్టతలాయన లారీ కింద పడి చావాలి. సంగతి పొక్కింది. అంతే, వీధి వీధంతా ముఖం చాటేసింది. హెడ్మాస్టారు జుట్టుకి రబ్బరు బ్యాండు వేసుకుని బడికి వెళ్ళడం మొదలుపెట్టారు. నవలాయన గత్యంతరం లేక చీపురు కత్తిరించి చూశాడు. ఒకే ఒక్క వాక్యం వచ్చింది, అదీ దుమ్ము గురించి. తన తల మీదే ప్రయత్నిస్తే కథ కదల్లేదు గానీ ఒక కనుబొమ్మ పోయింది.

భార్యకి విసుగొచ్చింది. ఈ వారంలో తేలకపోతే పెన్సిల్ పొయ్యిలో పెట్టేస్తానంది. ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళు కడుపులో మోసిన కథ తీరా చివరికొచ్చి ఆగిపోతుంటే ఎవరికి చెప్పుకుంటాడు?

మర్నాడు పొద్దున్నే ఆవిడ ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చింది. మీసం దిద్దిస్తానని మాయమాటలు చెప్పి లాక్కొచ్చింది వేరెవర్నో కాదు, సాక్షాత్తూ వాళ్ళ నాన్నని. మొగుణ్ణి పక్కకి లాగి, "తలే కదా కావాల్సింది. ఇదిగో," అంది.

"దాని మీద జుట్టేదే?"

"కత్తెర గాల్లో ఆడించండి. జుట్టుందో లేదో కథకేం తెలుసు?"

పెద్దాయన మెడకి గుడ్డ కట్టించుకుని, అలవాటు ప్రకారం గోడకేసి చూశాడు. ఎదురుగా గోడ లేదు, అద్దముంది. అందులో అల్లుడున్నాడు.

నున్నటి నెత్తి మీద గాల్లో కత్తెర కిచకిచమంది. కథ కదిలింది. లారీ బయల్దేరింది. గుబురు మీసాల మామ రోడ్డుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. కుర్చీలో పెద్దాయన ఊపిరి బిగబట్టాడు. ఇక గుద్దేయడమే తరువాయి అనగా నవలాయన కిందికి చూశాడు. తన అరచేతి కింద వెచ్చగా ఉందా తల. చెవుల పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు అమాయకంగా నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఎంత గుండె రాయి చేసుకున్నా చంపడానికి ఆయనకి చెయ్యి రాలేదు.

లారీ కీచుమంటూ ఆగింది. డ్రైవరు దిగి, ఎండలో ఎందుకు నిలబడ్డారు మావయ్యా, ఎక్కండి, ఇంటి దగ్గర దింపుతాను అన్నాడు. ముసలాయన జవాబు చెప్పడానికి చుట్టూ గోడ కోసం వెతికాడు. నడిరోడ్డు మీద గోడ ఎక్కడుంటుంది? నోరు మూసుకుని లారీ ఎక్కాడు. నవల అయిపోయింది.

పెన్సిల్ ఆగింది. నవలాయన అలవాటుకొద్దీ చేతద్దం తీసి, అందరికీ చూపించినట్టే మామగారి తల వెనకాల పట్టాడు. పెద్దాయన అటూ ఇటూ తిరిగి తన నున్నటి నెత్తిని శ్రద్ధగా పరీక్షించుకున్నాడు. గొంతు సవరించుకుని, అద్దంలో సూటిగా అల్లుడి కళ్ళలోకి చూశాడు.

"చెవుల పక్కన ఇంకొంచెం తగ్గించు, అల్లుడూ."